'వాన తగ్గనీ' గాయనికి గొంతు బాగాలేదు

ఆ రోజు మార్చి పద్నాలుగు, శుక్రవారం. ఆ ఇంట్లో ఉదయం తిన్నవి కాల్చిన రొట్టెముక్కలు, ఉడికించిన గుడ్లు, కాస్త ఎక్కువ మగ్గిన అరటిపళ్ళు. తేదీ, ఫలహారం ఇంత కచ్చితంగా గుర్తుండిపోవడానికి కారణం, మళ్ళీ మర్నాటి రాత్రి భోజనం దాకా ఆ ఇంట్లో ఎవరూ కుదురుగా కూర్చుని ఏమీ తినకపోవడమే.

అల్లుడు రేడియో స్టేషన్‌లో వ్యాఖ్యాత. ప్రతి శనివారం సాయంత్రం 'ఒకే పాట' అనే కార్యక్రమం చేస్తాడు. ఒక పాటను తీసుకుని, దాన్ని మొదట ఎవరు పాడారు, తర్వాత ఎవరెవరు ఎలా పాడారు అన్నది వరసగా వినిపిస్తాడు. చివర శ్రోతలు ఫోన్ చేసి, తమకు ఏ వెర్షన్ నచ్చిందో చెబుతారు. గెలిచినవారికి ఇచ్చేదేమీ ఉండదు. అయినా జనం మహా పట్టుదలగా ఫోన్లు చేస్తారు.

ఆ వారం పాట 'వాన తగ్గనీ'. ఆ డిస్కో పాట తెలియని మనిషి ఆ ఊళ్ళో లేడు. "ఇంకాసేపుండు, వాన తగ్గనీ" అంటూ సన్నటి ఆడగొంతు ఒకటి ఉడత చెట్టెక్కినట్టు పైకి పాకుతుంది. వెనకాల డ్రమ్ములు దాన్ని తరుముతుంటాయి. పాట వచ్చిన ఏడాదే బ్యాండుమేళం వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. తర్వాత ఒక సినిమాలో దొంగల స్థావరంలో పొగ మధ్య దానికి నాట్యం పెట్టారు. సబ్బు కంపెనీ 'వాన' తీసేసి 'నురగ' అని పాడించింది. వ్యాయామం క్యాసెట్లో ఒకావిడ దాని మీద "ఒకటి, రెండు, వంగండి, లేవండి" అని అరిచింది. పిల్లల బళ్ళో చేతులు కడుక్కోవడానికి వరసలో నిలబెట్టేటప్పుడు అదే వేశారు. ఈ మధ్య ఒక యువకుడు రీమిక్స్ చేస్తూ మధ్యమధ్య కుక్క అరుపు కలిపాడు. అది అన్నిటికంటే పెద్ద హిట్.

ఇన్నిటికీ మూలమైన మొదటి రికార్డు పాడింది అత్తగారు. అంటే ఈ అల్లుడి భార్యకు తల్లి. ఆ ఒక్క పాట పాడి, పెళ్ళి చేసుకుని, మళ్ళీ మైకు ముఖం చూడలేదు. భర్త పోయాక కూతురి దగ్గరే ఉంటూ, వెనక గదిలో కుట్టుమిషన్ మీద గుడ్డపీలికలతో దుప్పట్లు కుడుతుంటారు.

"అత్తయ్యా, రేపు ప్రోగ్రాం చివర్లో మీరొచ్చి రెండు లైన్లు పాడాలి" అన్నాడు అల్లుడు, రొట్టెకు వెన్న రాస్తూ.

"నేనా? ఇప్పుడు నాకెందుకు బాబూ. పాడ్డానికి ఉన్నవాళ్ళు చాలరా?"

"వాళ్ళంతా మీ వెనకొచ్చినవాళ్ళు. అసలు మనిషి లేకపోతే ఎలా?"

"పాడమ్మా" అంది భార్య. "పుట్టి ఇన్నేళ్ళయింది, నీ నోట ఆ పాట ఒక్కసారైనా విన్నానా? ఎవరడిగినా పొయ్యి మీద పాలున్నాయంటావు."

"పాలు ఉండేవి మరి."

"ఇన్నేళ్ళూనా?"

అత్తగారు గుడ్డు పెంకు మొత్తం ఒలిచి, దాన్ని పళ్ళెంలో ఓ పక్కన పెట్టి, కాసేపు చూశారు. తర్వాత, "సరే. కానీ నేను పాడినట్టే పాడతాను. ఆ తర్వాత మీరేమీ అనకూడదు" అన్నారు.

"అంతకన్నా ఏం కావాలి!" అన్నాడు అల్లుడు. అక్కడికక్కడే స్టేషన్ మేనేజర్‌కి ఫోన్ చేసి చెప్పాడు. మేనేజర్ ఏ వార్త విన్నా, చెప్పినవాడి కంటే ఒక మెట్టు ఎక్కువ సంతోషించే మనిషి. బాధపడాల్సి వస్తే రెండు మెట్లు ఎక్కువ. అసలు గాయని స్వయంగా పాడబోతున్నారని అప్పటికప్పుడే ప్రకటన మొదలుపెట్టించాడు.

భార్య ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్ళిపోయింది. అల్లుడు గడ్డం గీసుకుంటుండగా వెనక గదిలోంచి పాట వినిపించింది. మొదట ఎవరో అనుకున్నాడు. మాటలు మాత్రం అవే. 'ఇంకాసేపుండు, వాన తగ్గనీ.' గొంతు మాత్రం నిండా నీళ్ళున్న కుండలా బరువుగా ఉంది. నడకా అలాగే ఉంది, జ్వరం వచ్చిన మనిషి నుదుటి మీద చెయ్యి వేసి పాడుతున్నట్టు. డ్రమ్ములు దాన్ని తరమడం అలా ఉంచి, పక్కన నడవడానికి కూడా మొహమాటపడతాయి.

అతను కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఫోన్లో రికార్డు పెట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఉడత. కొళాయి కట్టేసి తలుపు దగ్గర నిలబడ్డాడు. కుండ. వయసుతో గొంతు మారుతుంది, నిజమే. కానీ ఉడతకు ఎంత వయసొచ్చినా కుండ కాదు. సబ్బు నురగ మెడ మీదికి కారుతుండగా అల్లుడికి అంతా అర్థమైపోయింది. ఆ రికార్డులో పాడింది ఈవిడ కాదు.

అర్థమైన కొద్దీ ఆధారాలు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. పాడమంటే పాలు పొంగడం. ఇంట్లో ఆ పాట రేడియోలో వస్తే లేచి వెళ్ళిపోవడం. ఆ తర్వాత రేడియో పెట్టడమే మానేయడం. రికార్డింగ్ నాటి ఫొటో ఒక్కటీ లేకపోవడం. ఎవరో పాడినదానికి ఏ పొరపాటు వల్లో ఈవిడ పేరు పడింది. చెప్పలేక అలా ఉండిపోయారు.

ఇంకొకడైతే కోపం తెచ్చుకునేవాడు. ఈ అల్లుడు ఎదుటివాళ్ళు ఇబ్బంది పడతారేమోనని ముందే తను ఇబ్బంది పడే రకం. ఆ పాట తప్ప ఆవిడకు మరో పేరు లేదు. పళ్ళ దుకాణం వాడి నుంచి భార్య ఆఫీసు వాళ్ళ దాకా అందరికీ ఆవిడ 'వాన తగ్గనీ గారు'. రేపు సాయంత్రం ఆవిడ మైకు ముందు నోరు తెరిచారంటే, ఊరంతా వింటుండగా ఆ పేరు పోతుంది. బలవంతాన ఒప్పించింది తనే. ఎలాగైనా తప్పించాలి, అదీ ఆవిడకు తెలియకుండా.

స్టేషన్‌కు వెళ్తూనే మేనేజర్ గదిలోకి నడిచాడు.

"సార్, మా అత్తగారు రేపు పాడలేరు. గొంతు బాగాలేదు."

"అరెరె! బాగాలేదంటే?"

"అంటే... మాట సరిగ్గా రావడం లేదు."

"డాక్టర్ ఏమన్నాడు?"

అల్లుడికి డాక్టర్ సంగతి తట్టలేదు. "ఏమీ అనలేదు సార్" అన్నాడు. ఆ రోజు అతను ఆడినవాటిలో అదొక్కటే నిజం.

మేనేజర్ కళ్ళజోడు తీశాడు. "డాక్టర్ ఏమీ అనలేదంటే కష్టమేనయ్యా. మా మేనత్తప్పుడూ అంతే, ఏమీ అనలేదు." అని కళ్ళు తుడుచుకుని, లేచి అనౌన్సర్ల గదికి వెళ్ళాడు.

పాటల మధ్య మొదటి ప్రకటనలో గాయని అస్వస్థతగా ఉన్నారన్నారు. తర్వాతి ప్రకటనలో వైద్యులు ఏమీ చెప్పలేకపోతున్నారన్నారు. మధ్యాహ్నానికి, రేపటి 'ఒకే పాట' కార్యక్రమం గాయని కోలుకోవాలని కోరుకునే ప్రత్యేక కార్యక్రమంగా మారింది. ఆ పాటను తమ పద్ధతిలో పాడిన, వాయించిన కళాకారులు స్వయంగా వస్తున్నారు. అల్లుడు మేనేజర్ వెనకాల వరండా పొడుగునా తిరిగి, "అంత పెద్దదేమీ కాదు సార్" అన్నాడు. "ఎంత నిబ్బరం నీది!" అని మేనేజర్ అతని భుజం తట్టాడు.

ఇన్సూరెన్సు ఆఫీసులో పక్క సీటావిడకు పనిచేస్తూ రేడియో వినడం అలవాటు. ఆవిడ చెవిలోంచి తీగ లాగి, దాన్ని భార్య చెవిలో పెట్టి, ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. భార్య ఇంటికి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. అత్తగారు ఫోన్‌ను కుట్టుమిషన్ మీద వదిలేసి దారం కొనడానికి వెళ్ళారు. తర్వాత మొగుడికి చేసింది.

"ఏవండీ, అమ్మకేమైంది? పొద్దున్న రెండు గుడ్లు తిన్న మనిషికి, మధ్యాహ్నానికల్లా డాక్టర్లు ఏమీ చెప్పలేకపోవడమేమిటి?"

'మీ అమ్మ ఆ పాట పాడలేదు' అని కూతురికి ఫోన్‌లో చెప్పడం ఎవరి వల్లా కాదు. అల్లుడి వల్ల అసలే కాదు.

"కంగారు పడకు. గొంతులో చిన్న వాపులాంటిది. నాతో చెప్పారు. నీతో చెప్పొద్దన్నారు."

"నాతో చెప్పొద్దందా? మీతో చెప్పి నాతో చెప్పొద్దందా?"

"నువ్వు బెంగ పెట్టుకుంటావనీ... నువ్వు మాత్రం తెలిసినట్టు బయటపడకు. ఆ సంగతి ఎత్తితే ఆవిడ ఇంకా కుంగిపోతారు."

దారం ఉండలతో అత్తగారు ఇల్లు చేరేసరికి, ఆ వేళప్పుడు ఆఫీసులో ఉండాల్సిన కూతురు గుమ్మంలో ఉంది. చేతిలోని సంచీ లాక్కుంది. ముక్కు ఎర్రగా ఉంది.

"ఏమిటే, జలుబా?"

"నువ్వు మాట్లాడకమ్మా."

"ఏం మాట్లాడకూడదు?"

"ఏదీ మాట్లాడకు. ఈ వేణ్ణీళ్ళు తాగు."

"దాహంగా లేదే."

"తాగమ్మా, నీకు దణ్ణం పెడతాను!"

పై వాటావిడ బుట్టెడు నారింజపళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. అత్తగారి చెయ్యి పట్టుకుని, ఏదో అనబోయి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మేడ ఎక్కేసింది. పళ్ళ దుకాణం వాడు పంపాడంటూ ఎవరో మరో బుట్ట పెట్టి వెళ్ళారు. సాయంత్రం కాకుండానే అల్లుడు ఇంటికొచ్చి, ఆవిడ ముఖం తప్ప ఇంట్లో ఉన్న వస్తువులన్నీ చూశాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ వంటింట్లోకి వెళ్ళి గుసగుసలాడుకున్నారు. అత్తగారు గరిట పట్టుకోబోతే లాక్కున్నారు. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేశారు.

అత్తగారు నారింజపండు ఒలుచుకుంటూ ఆలోచించారు. అల్లుడు వేళకాని వేళ ఇంటికొచ్చాడు. కూతురు ఏడుస్తోంది. ఇరుగుపొరుగు ఊరికే పళ్ళు పంచుతున్నారు. తనను ఏమీ మాట్లాడొద్దంటున్నారు. ఆవిడకూ అంతా అర్థమైపోయింది. అల్లుడి ఉద్యోగం పోయింది.

ఆవిడ తలుపు దగ్గరగా వేసి, స్టేషన్ మేనేజర్‌కి ఫోన్ చేశారు. మేనేజర్ ఆవిడ గొంతు వినడం అదే మొదటిసారి. రికార్డులో వినే సన్నటి గొంతుకు బదులు బరువుగా, లోతుగా వచ్చిన పలుకు విని అతను కుర్చీలోంచి లేచాడు.

"అమ్మా! మీరెందుకమ్మా మాట్లాడ్డం! గొంతు ఎలా అయిపోయింది!"

"నా గొంతుకేం గానీ, నాకు అంతా తెలిసిపోయింది బాబూ. వీళ్ళు దాస్తున్నారు."

"తెలిసిపోయిందా... ధైర్యంగా ఉండండమ్మా."

"మేం ధైర్యంగానే ఉంటాం. ఒక్క మాట అడుగుతాను. ఇంకో అవకాశం ఇవ్వకూడదా?"

మేనేజర్ జేబురుమాలు తీశాడు. "మేమంతా కోరుకునేదీ అదేనమ్మా. దాని కోసమే రేపు సాయంత్రం అందరం ఇక్కడ కూర్చుంటున్నాం."

"అందరూ కూర్చుని తేలుస్తారన్నమాట."

"ఏదో, మా చేతనైనంత" అని అతను ఫోన్ పెట్టేసి, ఆ రోజుకు సెలవు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

శనివారం సాయంత్రం భార్య, "ఆఫీసులో పనుందమ్మా" అని చెప్పి, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పోసి తల్లి పక్కన పెట్టి, మొగుడితో స్టేషన్‌కు వెళ్ళింది. కుటుంబం తరఫున రెండు మాటలు చెప్పమని మేనేజర్ పిలిచాడు. వాళ్ళు వీధి మలుపు తిరగగానే అత్తగారు మంచి బట్టలు కట్టుకుని, ఆ ఫ్లాస్కు కూడా చేతిలో పట్టుకుని, బస్టాపుకు బయల్దేరారు.

స్టూడియోలో గుండ్రటి బల్ల చుట్టూ అతిథులు కూర్చున్నారు. బ్యాండు మేస్త్రి బంగారు అల్లిక కోటు వేసుకుని, క్లారినెట్ ఒళ్ళో పెట్టుకున్నాడు. వ్యాయామం క్యాసెట్ తాలూకు మేడం ఈ వయసులోనూ వెన్ను నిటారుగా పెట్టి, కుర్చీ వీపుకు ఆనకుండా కూర్చుంది. రీమిక్స్ చేసిన యువకుడిని అందరూ రీమిక్స్ అనే పిలుస్తున్నారు. అతను ల్యాప్‌టాప్ వెనక గడ్డం దాచుకున్నాడు. భార్య మూలగా మేనేజర్ పక్కన కూర్చుని ముక్కు తుడుచుకుంటోంది. ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది.

"ఆవిడ పాట లేనిదే మా మేళం అడుగు ముందుకు పడేది కాదండి" అన్నాడు మేస్త్రి. "ఎంత బిగుసుకుపోయిన మనుషులైనా ఆ ముక్క ఎత్తుకోగానే భుజాలు కదిలించేవాళ్ళు. అంత హుషారు గొంతు మళ్ళీ పుట్టదు."

"ఆ గొంతులోని వేగం!" అంది మేడం. "దానికి తగ్గట్టు వంగి లేవలేక ఎంతమంది నా క్లాసు మానేశారో."

రీమిక్స్ గొంతు సవరించుకున్నాడు. "నేను సారీ చెప్దామని వచ్చానండి. ఆ కుక్క మాదే. ఆవిడకు ఇలా అవుతుందని తెలిస్తే కలిపేవాణ్ణి కాదు."

అల్లుడు మైకు ముందు, తన పాపం పండే తీరు మరొకరి కథ చదువుతున్నట్టు చదువుకుంటూ పోయాడు. ఇంకొక్క పాట, ఫోన్లు, తర్వాత అయిపోతుంది. సోమవారం నాటికి గొంతు కుదుటపడిందని చెప్పొచ్చు. ఆవిడ పేరు ఆవిడకు ఉంటుంది.

అప్పుడు స్టూడియో తలుపు తెరుచుకుంది. ఎర్రదీపం వెలుగుతుండగా లోపలికి రాకూడదని ఆవిడకు తెలియకపోలేదు. అయినా వచ్చారు.

"నమస్కారం. ఎక్కువసేపు ఉండను" అన్నారు అత్తగారు బల్ల వైపు చూస్తూ. "మా అల్లుడు మంచివాడు. కాస్త మెతక, అంతే. అతన్ని పనిలోంచి తియ్యకండి."

ఆ మాటలు మైకులోంచి ఊరంతా వెళ్ళాయి.

"ఎవర్ని తియ్యకూడదు?" అన్నాడు మేనేజర్. తర్వాత గొంతు గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "అమ్మా! మీరు లేచి తిరుగుతున్నారా?"

"తిరగడమేమిటి, బస్సులో వచ్చాను."

భార్య పరుగెత్తుకొచ్చి తల్లిని పట్టుకుంది. "అమ్మా, నువ్వు మాట్లాడకు!"

"నిన్నట్నించీ ఇదే మాట! ఎందుకు మాట్లాడకూడదో ఒక్కరైనా చెప్పి చావరేం?"

అందరూ అల్లుడి వైపు చూశారు. గాజు అద్దం అవతల ఫోను దీపాలన్నీ ఒక్కసారిగా మెరవసాగాయి. ప్రసారం ఆపమని చెప్పాల్సిన మేనేజర్ వాటిని చూసి ఎత్తిన చెయ్యి దించేశాడు.

"అత్తయ్యా" అన్నాడు అల్లుడు. "నిన్న పొద్దున మీరు పాడుతుంటే విన్నాను. అది... రికార్డులో గొంతు కాదు. ఎవరికీ తెలియకూడదని, మీ పేరు పోకూడదని, గొంతు బాగాలేదని చెప్పాను. మిగతాది వీళ్ళు పెంచారు."

"అమ్మకు వాపు లేదా?" అంది భార్య.

"లేదు."

"నారింజపళ్ళు ఊరికే తిన్నామా!"

అత్తగారు అల్లుణ్ణి పరకాయించి చూశారు. "అంటే ఆ పాట నేను పాడలేదనుకున్నావు. అనుకుని, దాచిపెట్టావు."

అతను తల ఊపాడు. ఆవిడకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుని ఫ్లాస్కు బల్ల మీద పెట్టారు.

"పాడింది నేనే బాబూ. నువ్వు విన్నట్టు పాడలేదు, అంతే తేడా. మనిషి వెళ్ళిపోతున్నాడు, ఇంకాసేపుండమని అడగాలి. పరుగులు పెడుతూ అడుగుతారా ఎవరైనా? మెల్లగా పాడాను. మెల్లగా పాడితే పాట పొడుగైంది, చిన్న రికార్డులో పట్టలేదు. దాన్ని ఇరికించడానికి కంపెనీవాళ్ళు పెద్ద రికార్డుల స్పీడులో, నిమిషానికి ముప్పై మూడు చుట్లలో అచ్చేశారు. చిన్న రికార్డు చేతికొస్తే ఎవరైనా నలభై అయిదులోనే పెడతారు, దాంతో పాట పరుగెడుతుంది, గొంతు సన్నబడుతుంది. ఈ స్టేషన్‌లో రికార్డులు పెట్టే ఆయన అప్పుడే కొత్తగా చేరాడు. ఆయనా అలాగే పెట్టాడు."

"ఎవరాయన?" అన్నాడు మేనేజర్.

"మా ఆయన. అప్పటికింకా కాదనుకోండి."

భార్య ఏడుపు మానేసి కింద కూర్చుంది.

"రేడియోలో విని నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరో చిన్నపిల్ల చేత గబగబా పాడించి నా పేరు చెబుతున్నారనుకున్నాను. తేల్చుకుందామని ఇక్కడికే వచ్చాను. ఆయన నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళి, మీట ఇటు తిప్పి ఒకసారి, అటు తిప్పి ఒకసారి వినిపించాడు. అప్పటికే ఆ పాట మళ్ళీ వెయ్యమని ఒకటే ఫోన్లు. కంపెనీ యజమాని వచ్చి పై ఆఫీసరు చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. ఇప్పుడు పొరపాటని తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుందండీ అని ఆయన ఏడ్చాడు. చెప్పన్లెండి అన్నాను."

"తర్వాత?"

"తర్వాతేముంది, కంపెనీవాళ్ళు జనం విన్న ఆ పరుగు స్పీడులోనే మళ్ళీ అచ్చేశారు. జనం దాన్ని విని నేర్చుకున్నారు. మీ క్లారినెట్టు, మీ వంగడాలు లేవడాలు, నీ కుక్క, అన్నీ ఆయన తిప్పిన మీటలోంచి వచ్చినవే. నేను బయట నోరు విప్పితే గుట్టు తెలిసిపోతుంది. అందుకే పాలు పొంగేవి."

"మరి నాన్న కూడా నీ చేత పాడించుకోలేదా?" అంది కూతురు.

"ఎందుకు పాడించుకోలేదు? నువ్వు బడికెళ్ళాక, పొద్దుటి డ్యూటీ దిగొచ్చి, బూట్లయినా విప్పకుండా అడిగేవాడు. ముప్పై మూడులోనే." అని ఆవిడ బల్ల మీద గీతను వేలితో తుడిచారు. "ఆయన పోయారు. ఇక ఎవరి ఉద్యోగమూ పోదు కదా, ఒక్కసారి నా పాట నేను పాడుకుందామని ఒప్పుకున్నాను. ఇంతలో నీ ఉద్యోగం పోయిందనుకున్నాను."

రీమిక్స్ అప్పటికే ల్యాప్‌టాప్ మీద వంగి ఉన్నాడు. "ఒక్క నిమిషమండీ" అని రికార్డు పెట్టాడు. మొదట ఉడత వచ్చింది. అతను తెర మీద స్పీడు గీతను వేలితో మెల్లగా కిందికి లాగాడు. డ్రమ్ములు నడక తగ్గించాయి. సన్నటి గొంతు ఒక్కొక్క మెట్టే దిగుతూ, దిగుతూ వచ్చి, అల్లుడు నిన్న కొళాయి కట్టేసి విన్న చోట నిలబడింది. అదే కుండ. కాకపోతే కొత్తది.

బ్యాండు మేస్త్రి టోపీ తీసేశాడు. "ఇన్నాళ్ళూ నేను వాయించింది ఇదా? ఈ ఏడుపునా నేను ఊరేగింపుల్లో వాయించింది?"

"వ్యాయామం అయ్యాక ఒళ్ళు చల్లబడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది" అంది మేడం. అది నిజంగా మెచ్చుకోలే.

"పాడండమ్మా" అన్నాడు మేనేజర్. ఆ మాట కంటే ముందే అతని కళ్ళు తడిశాయి.

అత్తగారు ఫ్లాస్కులోంచి ఒక గుక్క వేణ్ణీళ్ళు తాగి, పాడారు. రెండు లైన్లని అడిగితే మొత్తం పాడారు. గొంతు అక్కడక్కడ వణికింది. ఒకచోట మాట మరిచి ఆగి, మళ్ళీ అందుకున్నారు. మేస్త్రి క్లారినెట్ పెదవుల దాకా తెచ్చి, ఊదకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. అది అతను చేసిన పెద్ద ఉపకారం. పాట అయ్యాక కాసేపు స్టూడియోలో ఎవరూ ఏమీ అనలేదు. రేడియోలో నిశ్శబ్దం పెద్ద నేరం. ఆ రోజు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత పద్ధతి ప్రకారం ఫోన్లు తీసుకున్నారు. మొదటి శ్రోత తన వోటు కుక్కకు వేశాడు. రెండో ఆవిడ వ్యాయామానికి వేసింది. మూడో ఆయన కార్యక్రమం మధ్యలో రేడియో పెట్టినట్టున్నాడు.

"ఇప్పుడు ఎవరో పెద్దావిడ పాడారండీ, బానే ఉంది. కానీ పాట నడక పట్టుకోలేకపోయారు. అసలు రికార్డు ఒకసారి విని ఉండాల్సింది."

"ఆవిడే అసలు గాయని అండీ" అన్నాడు అల్లుడు.

"అలా అనకండి, తప్పు. అసలావిడ ఆస్పత్రిలో ఉన్నారు. త్వరగా కోలుకోవాలని మా ఇంట్లో అందరూ కోరుకుంటున్నామని చెప్పండి."

ఆ తర్వాత వచ్చిన ఫోన్లు చాలా వరకు ఆ దారినే నడిచాయి. అల్లుడు ప్రతి ఒక్కరికీ నిజం చెప్పాడు. నిన్న అబద్ధం ఒక్కసారి చెబితే ఊరంతా నమ్మింది. ఇవాళ నిజం ఎన్నిసార్లు చెప్పినా ఒక ఇల్లు కూడా నమ్మలేదు. చివరికి కుక్క వెర్షన్ గెలిచింది. అత్తగారికి వచ్చిన వోటు ఒక్కటే. అది శ్రోతల్లోంచి వచ్చింది కాదు, బ్యాండు మేస్త్రి చెయ్యెత్తి వేసింది. రీమిక్స్ గెలిచినందుకు మళ్ళీ సారీ చెప్పాడు.

ఆ రాత్రి ముగ్గురూ కుదురుగా కూర్చుని భోంచేశారు. భార్య మొగుడితో అవసరమైన మాటలు మాత్రం మాట్లాడింది. ఉప్పు అందులో ఒకటి. పళ్ళేలు తీశాక అల్లుడు అత్తగారి ముందు నిలబడ్డాడు.

"అత్తయ్యా, నా వల్ల మీ పేరు..."

"నా పేరుకేమైంది? పాడాను, నేను పాడినట్టే పాడాను. అందరికీ నచ్చాలని ఎక్కడైనా ఉందా?" అన్నారు ఆవిడ, నీళ్ళగ్లాసు మూత పెడుతూ. "కానీ నీకూ మా ఆయనకూ ఒకటే జబ్బు. మనిషిని కాపాడాలనుకుంటారు. ముందు ఆ మనిషిని ఒక్క మాట అడగరు."

"ఆయన్ని ఏమనలేదా మీరు?"

"ఎందుకనలేదు? ఏడాది పాటు అన్నాను. తర్వాత పెళ్ళి చేసుకున్నాను."

అంతలో ఫోన్ మోగింది. మేనేజర్. అల్లుడు విని, ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి తిరిగాడు.

"అత్తయ్యా, జనం ఇంకా ఫోన్లు చేస్తున్నారట. అసలు గాయనికి ఇప్పుడెలా ఉందో ప్రకటించేదాకా ఊరుకోరట. ఏం చెప్పమంటారు?"

అత్తగారు తన గది గుమ్మంలో ఒక క్షణం ఆగారు.

"పడుకుందని చెప్పు" అని లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు. ఆ ముక్క నిజమే కాబట్టి అల్లుడు దాన్ని ఏమీ మార్చకుండా చెప్పేశాడు.